పంతొమ్మిదో గదిలో ఆగిన ఆట

2003 ఆగస్టు 12, మంగళవారం. తెల్లవారుజాము నుంచి వాన.

ఇంట్లో ఉన్నవాళ్ళు: నేను, నా భార్య కామేశ్వరి. మధ్యాహ్నం మూడు ఇరవై అయిదుకు వచ్చినది యాదగిరి కూతురు స్వరూప. ఆ తరువాత సెల్లారు దగ్గర ఉన్నవాళ్ళు: నేను, స్వరూప, జనరేటర్ చూసుకునే ఖాదర్ భాయ్, పేర్లు అడిగి రాసుకోవడం కుదరని నలుగురు కోచింగ్ విద్యార్థులు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది; పేర్ల జాబితా ఆ రాత్రి పై అంచున చేర్చింది. అక్కడున్నది ఉన్నట్టు ఎత్తి రాశాను.

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ముప్పై రెండేళ్ళు ఎర్రమంజిల్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. సర్వే క్యాంపుల కోసం అడవుల్లోని పాత బంగళాల్లో పడుకున్నాను. ఒకచోట రాత్రంతా ఎవరో పైకప్పు మీద నడుస్తున్నారని కూలీలు బయట చెట్టు కింద పడుకున్నారు. పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే ఊడిపోయిన రేకు ఒకటి. దానికి మేకు కొట్టించి, ఆ సంగతి డైరీలో రాసి పెట్టాను. నా స్వభావం అది. వింత అనిపించిన ప్రతిదానికీ ఎక్కడో ఒక ఊడిన రేకు ఉంటుందని నమ్మినవాణ్ణి.

ఈ సంఘటనకు మాత్రం రేకు దొరకలేదు.

ముందు నా ఆట గురించి చెప్పాలి. లేకపోతే తరువాతది అర్థం కాదు.

రిటైరైన ఏడాది, అమీర్‌పేటలో కంప్యూటర్ పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్ దుకాణంలో, పాత జావా పుస్తకాల కింద ఒక చెప్పుల పెట్టె కనిపించింది. దానిలో ఆరు పలుచటి ఇంగ్లీషు పుస్తకాలు, రకరకాల ముఖాలున్న ఏడు పాచికలు. హాస్టల్ ఖాళీ చేసి పోయిన ఎవరో అమ్మేశారట. పుస్తకాల వెనక అట్ట మీద ఒక చిన్న నేలమాళిగ ప్లాను గీసి ఉంది. గదులు, మెట్లు, దారులు, అన్నీ గళ్ళ కాగితం మీద. నేను కొనడానికి ఆ ప్లాను చాలు.

ఇంటికి వచ్చి చదివాక తెలిసింది. అవి కథలు కావు, ఆడుకోవడానికి ముందే రాసి అచ్చువేసిన సాహసాలు. నేల కింద గుహ ఉంటుంది. దానిలో గదులకు నంబర్లు. ఒకరు పుస్తకం పట్టుకుని ఏ గదిలో ఏముందో చెబుతారు. మిగతావాళ్ళు ఒక్కొక్క మనిషి పాత్ర తీసుకుని లోపలికి వెళతారు. తలుపు తెరుచుకుందా, దెబ్బ తగిలిందా, బతికాడా అన్నది పాచిక చెబుతుంది.

నాకు అంతమంది ఎక్కడ దొరుకుతారు? రెండు వైపులా నేనే ఆడేవాణ్ణి. ముందు ఏముందో కంటపడకుండా డ్రాయింగ్ అట్టలో ఒక కిటికీ కోసుకున్నాను. దాన్ని పేజీ మీద జరిపితే ఒక్క గది వివరణ మాత్రమే కనిపిస్తుంది. ఆ వివరణ చదివి, నా సొంతంగా గళ్ళ కాగితం మీద ప్లాను గీసుకుంటూ పోయేవాణ్ణి. అసలు ప్లాను ఉన్న పేజీని మొదటిరోజే విడదీసి కవర్లో పెట్టి అంటించి, కామేశ్వరి చేతికిచ్చేవాణ్ణి. ఆవిడ బీరువాలో చీరల కింద దాచేది. సాహసం పూర్తయ్యాక తీసి, నా ప్లాను దానితో పోల్చి, నాకు నేనే మార్కులు వేసుకునేవాణ్ణి.

“పరీక్ష పేపరు దాచినట్టు దాచమంటారేంటండీ, ఈ వయసులో,” అని నవ్వేది. అయినా ఒక్కసారి కూడా ముందుగా ఇవ్వలేదు.

ఇంకో అలవాటు. పాచిక పడగానే అంకెను పైకి చదువుతాను. చదివాకనే డైరీలో రాస్తాను. ఇది ఆఫీసులో అబ్బిన అలవాటు. డ్రాయింగు సరిచూసేటప్పుడు నేను కొలతలు పైకి చదివేవాణ్ణి, ఎదురుగా యాదగిరి అసలు డ్రాయింగు మీద వేలు పెట్టి చూసుకునేవాడు. పడిన అంకెను మార్చకూడదు, వేయని అంకెను రాయకూడదు అన్నవి నాకు నేను పెట్టుకున్న రెండు నియమాలు.

యాదగిరి మా ఆఫీసులో బ్లూ ప్రింట్ గదిలో పనిచేసేవాడు. నాకన్నా రెండేళ్ళు చిన్న. పదవీ విరమణ తరువాత ఊరుకోలేక, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు నిండిన ఒక కాంప్లెక్సులో నీళ్ళు, కరెంటు చూసుకునే పనిలో చేరాడు. ఎర్రమంజిల్ వెనక బస్తీలో ఇల్లు. షుగరు ఉంది. రోజుకు రెండుసార్లు సూది వేసుకోవాలి. ఒంటిగంటకు ఇంటికి వచ్చి, సూది వేసుకుని, తిని, మళ్ళీ వెళతాడు. వారానికి రెండు మూడు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి నా ఆట చూస్తూ కూర్చునేవాడు.

“ఇదేం ఆట సారూ. మీరే గుహల పోతరు, మీరే సస్తరు, మీరే బతుకుతరు. అవుతలోడు లేకుంటే గెలుసుడేంది?” అనేవాడు.

నా గుంపులో నలుగురు మనుషులు. కత్తి పట్టేవాడికి మా పాత సూపరింటెండెంటు పేరు పెట్టానని తెలిసి యాదగిరి మస్తుగా నవ్వాడు. “గాయన్ని ముందల నడిపియ్యుండ్రి సారూ, ఏమన్నయితే ఫికర్ లేదు.” తరువాత కాసేపు ఆగి అన్నాడు, “నా పేరు సుత ఎవనికన్న పెట్టుండ్రి. జర పెద్ద పని ఇయ్యుండ్రి.”

గుంపులో పేరు పెట్టకుండా మిగిలింది దీపం పట్టుకునే మనిషి ఒక్కడే. ఆ పేరు వాడికి పెట్టాను. దీపం లేకపోతే ఎవరూ అడుగు ముందుకు వేయలేరు, అది పెద్ద పనే అని చెబితే ఒప్పుకున్నాడు.

ఇక ఆ మంగళవారం.

పన్నెండు లోపలే కరెంటు పోయింది. వాన పడితే మా ప్రాంతంలో అది మామూలే. మెయిన్ రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల జనరేటర్లన్నీ ఒకేసారి మొదలైతే మా సందులోకి కూడా ఆ హోరు వస్తుంది. భోజనం చేసి, రెండు పదికి వసారాలో బల్ల దగ్గర కూర్చున్నాను. కామేశ్వరి లోపల బియ్యం ఏరుకుంటోంది.

రెండు నలభైకి పంతొమ్మిదో గదికి వచ్చాను. అట్ట కిటికీలో కనిపించిన వివరణను నా మాటల్లో డైరీలో రాసుకున్నాను. ఏడు మెట్లు దిగాలి. ఎడమకు తిరిగితే పొడవాటి ఇరుకు దారి. దాని చివర తలుపు. తలుపు దాటాక మళ్ళీ నాలుగు మెట్లు, కింద నీళ్ళు నిండిన గొయ్యి. మెట్లు నాచుపట్టి ఉన్నాయి కాబట్టి ముందు నడిచే మనిషి జారతాడో లేదో పాచిక వేసి చూడమన్నారు.

చీకటి గది కాబట్టి ముందు నడిచేది దీపం మనిషి. ఇరవై ముఖాల పాచిక వేశాను. మూడు. జారిపడ్డాడు. దీపం నీళ్ళలో ఆరిపోయింది.

ఆటలో మనుషులు పడటం కొత్త కాదు. సూపరింటెండెంటు గారే అప్పటికి రెండుసార్లు చచ్చి, పూజారి మంత్రంతో లేచారు. అయినా ఆ మూడు పడ్డాక నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. లేచి గేటు దాకా వెళ్ళి వచ్చాను. మళ్ళీ వేశాను, వెనకవాడు చప్పుడు విన్నాడా అని. పదిహేడు. విన్నాడు. మళ్ళీ లేచాను. ఈసారి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగకుండానే తిరిగొచ్చాను.

గొయ్యి లోతు, తొమ్మిది. తాడు వేస్తే అందిందా, రెండు. అందలేదు. మరోసారి వేస్తే, అయిదు. అందలేదు. నీళ్ళు ఎంత పెరిగాయి, పదకొండు. ఛాతీ దాకా.

మామూలుగా ఆరుసార్లు పాచిక వేయడానికి నాకు అయిదు నిమిషాలు చాలు. ఆ రోజు డైరీలో మొదటి అంకె పక్కన రెండు నలభై అయిదు, ఆరో అంకె పక్కన మూడు ఇరవై అని రాసి ఉంది. మధ్యలో ఎన్నిసార్లు లేచానో రాయలేదు కానీ కామేశ్వరి లెక్కపెట్టింది.

“ఏంటండీ మీకు, కాలుగాలిన పిల్లిలా? ఇది ఎనిమిదోసారి. కూర్చుంటే కూర్చోండి, లేకపోతే గొడుగేసుకుని వెళ్ళి కరివేపాకన్నా పట్రండి.”

“ఏమో, ఊపిరాడట్లేదు,” అన్నాను.

“కిటికీలు వేసుకుని కూర్చుంటే ఎందుకాడుతుంది,” అని వచ్చి రెండు రెక్కలూ తెరిచి వెళ్ళింది. జల్లు బల్ల మీద పడింది. నేను పుస్తకాన్ని పక్కకు జరిపాను గానీ కిటికీ మూయలేదు.

ఈ అశాంతిని నేను సాక్ష్యంగా చూపించడం లేదు. కరెంటు లేదు, ఉక్కపోత, వాన. ఎవరికైనా అలాగే ఉండొచ్చు.

మిగిలింది ఒక్క అంకె. గొయ్యిలో పడినవాడు బతికాడా లేదా. పదకొండు గానీ ఆ పైన గానీ పడితే బతుకుతాడు. డైరీలో ఏడో గీత గీసి, ఎదురుగా ‘బతుకు’ అని రాసుకున్నాను. పాచిక గుప్పిట్లోకి తీసుకున్నాను. వేయబుద్ధి కాలేదు. అయిదు నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

గేటు చప్పుడయింది.

స్వరూప నిలువునా తడిసి ఉంది. టైలరింగ్ చేసుకునే పిల్ల, యాదగిరికి ఒక్కతే కూతురు. పెళ్ళయి పక్క బస్తీలోనే ఉంటుంది.

“సారూ, మా నాయిన ఇటొచ్చిండా?”

“రాలేదమ్మా. ఏమయింది?”

“బువ్వకు రాలే సారూ. ఒంటిగంటకు సూది ఏసుకోవాలె. రెండు దాకా చూసిన, కాంప్లెక్సుకు పోయిన. బయటికి పోయిండంటున్నరు. గొడుగేమో ఆడనే ఉంది. ఇంత వానల గొడుగు ఇడిసిపెట్టి యాడికి పోతడు?”

పాచికను పెట్టెలో పడేశాను. డైరీని, మధ్యలో గళ్ళ కాగితంతో సహా, ఎప్పటిలాగే గుడ్డసంచిలో వేసుకున్నాను. కామేశ్వరి ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి, కాస్త పంచదార పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది. షుగరు మనిషికి పంచదార ఎందుకని అడగబోయాను. “సూది పొద్దున వేసుకుని, ఇంతసేపు ఏమీ తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఉండనివ్వండి,” అంది. ఆ మాట కూడా డైరీలో ఉంది.

మెయిన్ రోడ్డు మీద ఆటోలు నీళ్ళలో ఆగిపోయి ఉన్నాయి. మా ఇంటి నుంచి ఆ కాంప్లెక్సు దగ్గర దగ్గర కిలోమీటరు. నడిచే వెళ్ళాం. దారి పొడుగునా ఫుట్‌పాత్‌ల మీద జనరేటర్లు మోగుతున్నాయి. పక్కన నడుస్తున్న స్వరూప చెప్పేది వినడానికి వంగాల్సి వచ్చింది. నాలుగింటికి చేరాం.

ఖాదర్ భాయ్ జనరేటర్ పక్కన స్టూలు మీద ఉన్నాడు. నన్ను యాదగిరితో చాలాసార్లు చూశాడు కాబట్టి లేచి నిలబడ్డాడు.

“మొత్తం చూసినం సాబ్. సెల్లార్ల మోకాళ్ళ దాకా నీళ్లున్నయి. బండ్లన్నీ తీపిచ్చినం. పంపు రూముకు తాళం ఉంది. తాళంచెవి యాదగిరి అన్న దగ్గరనే ఉంటది. తాళమేసి బయటికి పోయిండు, ఏడ్నో చాయ్ తాగుతుండు. ఫికర్ చెయ్యకుండ్రి.”

“ఎప్పుడు వెళ్ళాడు?”

“పోతుంటే నేను చూడలే. పదకొండుకు కిందికి దిగిండు. తర్వాత చూస్తే తాళం ఉండె. అంటే పోయినట్టే గద?”

తాళం ఉండె అన్న మాటను ఖాదర్ భాయ్ చేత మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను.

ఈ విషయం యాదగిరితో కలిసి పనిచేసినవాళ్ళకే తెలుసు. వాడికి తాళం పోతుందని భయం. తాళం తీసి ఎక్కడైనా పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని, లోపలికి వెళ్ళే ముందు దాన్ని తలుపు చట్రానికున్న కొక్కేనికే తగిలించి నొక్కేసేవాడు. తలుపు దగ్గరకు వేసుకునేవాడు. గడియ తీసే ఉంటుంది. కానీ దూరం నుంచి చూసేవాళ్ళకు తాళం వేసినట్టే కనిపిస్తుంది. ఆఫీసులో ఇలా చేసి, బ్లూ ప్రింట్ గదిలో ఒకసారి రాత్రి ఎనిమిదింటి దాకా చిక్కుబడిపోయాడు. అందరూ తాళం చూసి, ఇంటికెళ్ళాడనుకుని, బయటి గేట్లు వేసేసుకున్నారు. ఆ రోజు తీసింది నేనే. ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. “తాళం పోతే జీతంల కోస్తరు గద సారూ,” అని అదే సమాధానం.

“ఖాదర్ భాయ్, ఆ తాళం లాగి చూశారా?” అని అడిగాను.

“లాగుడేంది సాబ్, కండ్లతోని చూసినం.”

వెనక మెట్ల దారిన సెల్లారులోకి దిగాను. మెట్లు లెక్కపెట్టడం నాకు అలవాటు. ఏడు. ఎడమకు తిరిగాను. గోడకు ఆనించి కోచింగ్ సెంటర్ల పాత ఇనప బోర్డులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటికీ గోడకూ మధ్య మనిషి ఒక్కడు పట్టే దారి. దాని చివర తలుపు.

నా సంచిలో ఉన్న గళ్ళ కాగితం అప్పుడు గుర్తొచ్చింది. తీసి చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

తలుపు దగ్గరకు వెళ్ళి తాళాన్ని చేత్తో ఊపాను. కొక్కేనికి వేలాడుతూ ఊగింది. గడియ తీసే ఉంది.

తలుపు బయటికి తెరుచుకునే రకం. మోకాలి లోతు నీళ్ళు దాన్ని అదిమిపెట్టి ఉన్నాయి. నా ఒక్కడి వల్ల కాలేదు. స్వరూప కేక వేస్తే ఖాదర్ భాయ్ జనరేటర్ ఆపేసి పరుగెత్తుకొచ్చాడు. పైనుంచి నలుగురు విద్యార్థులు పుస్తకాల సంచులు భుజాన ఉండగానే దిగారు. బోర్డులు పక్కకు నెట్టి ఆరుగురం లాగితే తలుపు జానెడు తెరుచుకుంది. సెల్లారు నీళ్ళు ఒక్కసారిగా లోపలికి దూకాయి.

“జల్దీ, జల్దీ! నీళ్ళు లోపలికి పోతున్నయి!” అని ఖాదర్ భాయ్ అరిచి, ఆ సందులోంచి ముందు తనే దూరాడు.

లోపల నాలుగు మెట్లు. కింద పంపు ఉన్న గొయ్యి. యాదగిరి ఆఖరి మెట్టు మీద పక్కకు పడి, రెండు చేతులతో పంపు గొట్టాన్ని కౌగిలించుకుని ఉన్నాడు. ఎడమ కాలు పంపు దిమ్మెకూ మెట్టుకూ మధ్య ఇరుక్కుని, మోకాలి కింద విరిగింది. అప్పటిదాకా ఛాతీ దాకా ఉన్న నీళ్ళు, మేము తలుపు తీయడంతో గడ్డం దాకా వచ్చాయి. ఖాదర్ భాయ్ వెనక నుంచి తల పైకెత్తి పట్టుకున్నాడు. ఇద్దరు విద్యార్థులు నీళ్ళలో మునిగి దిమ్మె సందులోంచి కాలు విడిపించారు. నాలుగు ఇరవై అయిదుకు బయటికి తీశాం.

మెట్ల మీద పడుకోబెట్టాక కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఆశ్చర్యపోలేదు.

“వచ్చిన్రా సారూ,” అన్నాడు. “ఇగ వస్తరనే అనుకున్న.”

స్వరూప వాణ్ణి పట్టుకుని ఏడుస్తూనే తిట్టింది. “తాళం గావాల్నా నీకు? మెడల కట్టుకో!” పంచదార నీళ్ళు చెంచాతో తాగించాం. పంజాగుట్టలోని ఒక ఆసుపత్రికి ఎవరో కారులో తీసుకెళ్ళారు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి స్నానం చేశాక, మొదటిసారి నా నియమం తప్పాను. సాహసం పూర్తికాకుండానే కామేశ్వరిని కవరు అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా తెచ్చి ఇచ్చింది. అచ్చయిన ప్లానులో పంతొమ్మిదో గది నేను గీసినట్టే ఉంది. ఏడు మెట్లు, ఎడమకు దారి, నాలుగు మెట్లు, గొయ్యి. ఆ కాంప్లెక్సు కట్టడం మొదలుకాక ముందే ఎక్కడో విదేశంలో అచ్చయిన పుస్తకం అది.

దీనికి నేను వింత అనే పేరు పెట్టను. నేల కింద గది ఎవరు గీసినా మెట్లుంటాయి, మలుపుంటుంది, నీళ్ళు పల్లానికే చేరతాయి. వందల ప్లానులు గీసినవాడికి ఒకటి ఇంకోదానిలా కనిపించడం సహజం. యాదగిరిని పట్టిచ్చింది నా కాగితం కాదు, వాడి తాళం అలవాటు. కామేశ్వరితో కూడా అదే అన్నాను.

“అయితే ఎనిమిదిసార్లు ఎందుకు లేచారు?” అంది.

కవరు మళ్ళీ ఆవిడ చేతికిచ్చాను. ఆ రాత్రి ఇద్దరం సరిగా నిద్రపోలేదు.

మరునాడు, ఆగస్టు 13, బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆసుపత్రికి వెళ్ళాను. వాన వెలిసింది. యాదగిరికి కాలు కట్టి పైకి వేలాడదీశారు. పక్కన స్వరూప ఇడ్లీ ముక్కలు చేసి నోట్లో పెడుతోంది. మనిషి తేరుకున్నాడు. మాట స్పష్టంగా ఉంది. కామేశ్వరి ఇచ్చిన మజ్జిగ సీసా బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

“చీకట్లో అన్ని గంటలు ఎలా ఉన్నావయ్యా?” అని అడిగాను.

“ముందల మస్తు భయమయింది సారూ. టార్చి నీళ్ళల్ల పడ్డది. ఒర్లితే ఎవనికి ఇనొస్తది, పైన జనరేటరు. ఇగ అయిపాయె అనుకున్న. మస్తు సేపయినంక మీరు సదువుడు షురూ జేసిన్రు.”

“ఏం చదివాను?”

“అంకెలు. ఆఫీసుల కొలతలు సదివినట్టు. ఒకటి సదువుతరు, ఆగుతరు. మస్తు సేపు ఆగుతరు. మల్ల ఒకటి. నేను ఏలు పెట్టి చూసుకుంటున్న అనుకున్న. నిద్రొస్తే పడిపోతనని, ఇంకో అంకె కోసం గట్టిగ పట్టుకున్న గొట్టాన్ని.”

స్వరూప చేయి ఆగింది. “రాత్రి నాతోని సుత ఇదే చెప్పిండు సారూ. మందుల మత్తనుకున్న.”

వెంటనే డైరీ తీయలేదు. అది సంచిలోనే ఉంది. అడిగే పద్ధతిలో తప్పు జరగకూడదని, నేను ఒక్క అంకె కూడా పలకకూడదని నిశ్చయించుకున్నాను. స్వరూపకు నా పెన్ను ఇచ్చి, మందుల చీటీ వెనక యాదగిరి చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

యాదగిరి కళ్ళు మూసుకున్నాడు. తొందరపడకుండా, ఒక్కొక్కటి గుర్తు చేసుకుంటూ చెప్పాడు. మూడు. పదిహేడు. తొమ్మిది. రెండు. అయిదు. పదకొండు.

అప్పుడు సంచిలోంచి డైరీ తీశాను. నిన్నటి పేజీ తెరిచి, చీటీ దాని పక్కన పెట్టాను. స్వరూప కూడా వంగి చూసింది. ఆరు అంకెలూ అదే వరసలో ఉన్నాయి.

ఆ డైరీ మంగళవారం మధ్యాహ్నం నుంచి నా చేయి దాటలేదు. నేను పైకి చదివిన అంకెలు వినగలిగింది ఇంట్లో కామేశ్వరి ఒక్కతే. ఆవిడ అప్పటికి యాదగిరిని చూడనే లేదు. పైగా ఏళ్ళ తరబడి విని విని నా అంకెలు తన చెవిలో పడవు అంటుంది. కిలోమీటరు దూరం, వాన, దారంతా జనరేటర్ల హోరు, మూసిన తలుపు. ఇవన్నీ వరసగా ఆలోచించాను. ఎక్కడా నాకు రేకు కనిపించలేదు.

“ఇంకోటి ఉండె సారూ,” అన్నాడు యాదగిరి, కళ్ళు మూసుకునే. “ఆఖర్ది. అది సదివేముందు మస్తు సేపు ఆగిన్రు. ఇగ సదువరేమో అనుకున్న. తర్వాత చెప్పిన్రు, పద్నాలుగు అని. గది ఇన్నంక నాకు ఫికర్ పోయింది. వస్తరని ఎరుకయింది.”

స్వరూప చీటీ మీద పద్నాలుగు అని రాసింది. రాసి, నా డైరీలో ఏడో గీత కోసం వెతికింది. గీత ఉంది. ఎదురుగా ‘బతుకు’ అని నా చేతిరాత ఉంది. అంకె లేదు.

“ఇదెందుకు రాయలే సారూ?” అంది.

“నువ్వు గేటు కొట్టావమ్మా. అప్పటికి నేను వేయలేదు.”

వార్డులో ఎవరో రేడియో పెట్టారు, నర్సు వచ్చి తగ్గించమంది.

ఎన్ని విధాలుగా ఆలోచించినా ఇది ఎలా జరిగిందో చెప్పడం ఈ రోజు వరకూ నా వల్ల కాలేదు. ఆరు అంకెలు కలవడాన్ని ఎవరైనా కాకతాళీయం అంటే నేను వాదించను. ఏడోది మాత్రం నా నోట ఇంకా రాలేదు. దాన్ని ఎవరు చదివారు?

“ఏం సారూ, తప్పు చెప్పిన్నా?” అని యాదగిరి అడిగాడు.

“లేదయ్యా. అన్నీ సరిగ్గానే చెప్పావు.”

స్వరూప పెన్ను నా చేతికి తిరిగి ఇచ్చి, ఏడో గీత వైపు చూపించింది. రాయమని. ఆమె కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. తండ్రి బతికాడు, అంకె కూడా బతుకు వైపే ఉంది, రాస్తే పోయేదేముంది అని ఆమె ఉద్దేశం. నేను పెన్ను తెరిచాను. యాదగిరి ఊపిరి పీల్చడం, వదలడం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

వేయని అంకె నేను రాయను. వేసి చూసే ధైర్యమూ లేదు. పద్నాలుగు కాక ఇంకేదైనా పడితే?

పెన్నుకు మూత పెట్టి, డైరీ మూసేశాను. “పడుకో యాదగిరీ,” అన్నాను. “ఈ రోజు ఆట లేదు.”